పాత కంప్యూటర్‌లో మొరాయించే డిస్కులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సెకండ్‌హ్యాండ్‌లో పాత డెస్క్‌టాప్ తీసుకున్న పాఠకులు రాసే ఉత్తరాల్లో ఎక్కువ భాగం డిస్కుల గురించే. ఒకే రకం లక్షణాలున్న ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఏ జవాబు చదివి స్క్రూడ్రైవర్ పట్టుకున్నా ముందు ఒక్క మాట ఆలోచించండి: ఆ డిస్కులో మళ్లీ దొరకనిది ఏదైనా ఉందా? ఉంటే కంప్యూటర్ ఆపేసి, నేరుగా రెండో జవాబుకు వెళ్లండి.

ప్రశ్న: నేను కొన్న పాత కంప్యూటర్‌లో రెండు ఐడీఈ (వెడల్పాటి పట్టీ కేబుల్‌తో తగిలించే పాత రకం) హార్డ్ డిస్కులున్నాయి. ఒకరోజు రెండూ కనిపిస్తాయి, ఇంకోరోజు ఒకటే. ఒక్కోసారి ఆన్ చేయగానే అసలు డిస్కే లేదంటుంది. డిస్కు పోయినట్టేనా?

అప్పుడే అలా అనుకోవద్దు. కాసేపు కనబడి కాసేపు మాయమయ్యే డిస్కులో తప్పు చాలాసార్లు డిస్కుది కాదు. దానికి వెళ్లే కేబుల్‌దో, డిస్కు వెనక పిన్నుల మీద తొడిగే చిన్న బిళ్ల జంపర్‌దో, కరెంటుదో అవుతుంది. వీటిని ఈ వరసలోనే చూడండి. ఖర్చు లేనివి ముందు తేలిపోతాయి.

ప్లగ్గు తీసేసి, క్యాబినెట్ విప్పి, డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య ఉన్న వెడల్పాటి పట్టీ కేబుల్ చూడండి. ఐడీఈ కనెక్టర్‌కు 40 పిన్నులుంటాయి కానీ కేబుల్‌లో తీగలు 40 ఉండొచ్చు, 80 ఉండొచ్చు. సన్నగా, దగ్గరదగ్గరగా తీగలుంటే అది 80 తీగలది. దానికి నీలం కనెక్టర్ మదర్‌బోర్డుకు, చివరి నల్లది మాస్టర్ (మొదటి) డిస్కుకు, మధ్యలో బూడిద రంగుది స్లేవ్ (రెండో) డిస్కుకు. చేతులు మారిన కంప్యూటర్లలో ఇది తిరగేసి పెట్టి ఉండటం సర్వసాధారణం. ఒకే డిస్కు ఉన్నప్పుడు దాన్ని మధ్య కనెక్టర్‌కు తగిలించి చివరిది ఖాళీగా వదిలేస్తే, ఆ వేలాడే ముక్క నుంచి సంకేతం వెనక్కి కొట్టి చదవడంలో తప్పులు వస్తాయి. కేబుల్ పొడవు 18 అంగుళాలు, అంటే 45 సెంటీమీటర్లు మించకూడదు. ఎక్కడైనా గట్టిగా మడతపడి ఉంటే దాన్ని పారేసి వేరేది వేయడమే మేలు. లోపల తెగిన తీగ పైకి కనబడదు.

తర్వాత జంపర్లు. రెండు డిస్కులూ మాస్టర్‌గా ఉన్నా, రెండూ స్లేవ్‌గా ఉన్నా మీరు చెప్పిన దోబూచులాటే జరుగుతుంది. ఏ పిన్నుల మీద పెడితే ఏమవుతుందో డిస్కు పైన లేబుల్ మీదే బొమ్మ ఉంటుంది. ఒకటి మాస్టర్, ఇంకొకటి స్లేవ్ చేయండి. లేదా 80 తీగల కేబుల్ ఉంటే రెండింటినీ కేబుల్ సెలెక్ట్‌లో (ఏ కనెక్టర్‌కు ఉందో దాన్ని బట్టే మాస్టరో స్లేవో తేలే అమరిక) పెట్టండి. ఒకటి కేబుల్ సెలెక్ట్‌లో, ఇంకొకటి మాస్టర్‌గానో స్లేవ్‌గానో వద్దు. ఇంకో మెలిక ఉంది. కొన్ని కంపెనీల పాత డిస్కుల్లో ‘ఒంటరి’ డిస్కుకు ఒక అమరిక, ‘స్లేవ్‌తో కలిసిన మాస్టర్’కు వేరే అమరిక ఉంటాయి. రెండో డిస్కు తీసేశాక మొదటిది కూడా కనబడటం మానేస్తే కారణం అదే అయి ఉంటుంది.

చివరగా కరెంటు. డిస్కుకు వెళ్లే నాలుగు తీగల ప్లగ్గులో పసుపు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, రెండు నలుపులూ గ్రౌండ్. ప్లగ్గు లోపలి గొట్టాలు ఏళ్ల తరబడి పీకి పెట్టడం వల్ల వదులవుతాయి. వేరే ప్లగ్గు మార్చి చూడండి. మల్టీమీటర్ ఉంటే ఖాళీగా ఉన్న ఇంకో ప్లగ్గులో నల్ల తీగకూ పసుపు తీగకూ మధ్య కొలవండి. 11.4 నుంచి 12.6 లోపు ఉండాలి. ఎరుపుకు 4.75 నుంచి 5.25 లోపు. ఎప్పుడు కొలిచామన్నది ముఖ్యం: డిస్కు తిరగడం మొదలుపెట్టే మొదటి కొన్ని సెకన్లలో కొలవాలి. 3.5 అంగుళాల డిస్కు ఆ క్షణంలో 12 వోల్టుల లైను నుంచి సుమారు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ముసలి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) మామూలుగా 12 చూపించి, ఆ ఒక్క క్షణంలో 11 కిందికి జారిపోతే డిస్కు లేవలేక మళ్లీ మొదలుపెడుతుంది. చూసేవాళ్లకు డిస్కు పోయినట్టే ఉంటుంది. అలాంటప్పుడు ఎస్‌ఎంపీఎస్ మార్చాలి, విప్పకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా దాని లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

ప్రశ్న: పాత హార్డ్ డిస్కును ఈ కంప్యూటర్‌కు తగిలిస్తే ‘టక్... టక్... టక్’ అంటోంది. ఒక్కోసారి ఫోల్డర్లు కనిపిస్తున్నాయి, కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతోంది. నా దగ్గర ఇంకో కాపీ లేదు. చెక్‌డిస్క్ నడపమని ఒకరు, ఫ్రీజర్‌లో పెట్టమని ఇంకొకరు అంటున్నారు.

రెండూ చేయొద్దు. ఇది చదువుతున్నప్పుడు డిస్కు ఆన్‌లో ఉంటే ముందు ఆపేయండి.

చదివే హెడ్ తన దారి వెతుక్కోలేక మళ్లీ మొదటికి వచ్చి తగలడమే ఆ టక్కు శబ్దం. డేటా ఉండే గుండ్రటి పళ్లేనికీ హెడ్‌కూ మధ్య ఖాళీ వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. హెడ్ దెబ్బతిని ఉంటే తిరిగిన ప్రతి నిమిషం పళ్లెం మీది పూతను గీకవచ్చు. గీకిన చోట ఉన్నదాన్ని ఎవరూ తిరిగి తేలేరు. ఇలాంటి డిస్కుకు ఇంకెన్ని నిమిషాలు మిగిలాయో ఎవరికీ తెలియదు. ఆ నిమిషాలన్నీ కాపీకే వాడాలి, పరీక్షలకు కాదు.

విండోస్‌లోని చెక్‌డిస్క్ డేటాను కాపాడే పనిముట్టు కాదు. ఫైల్ సిస్టమ్ (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టికలు) పొందికగా ఉండేలా సరిచేయడమే దాని పని. అందుకోసం చదవలేని ఫోల్డర్ వివరాలను కొట్టేస్తుంది, ముక్కలను వేరే పేర్లతో పడేస్తుంది, అదీ ఆ చచ్చిపోతున్న డిస్కు మీదే రాస్తుంది. ఇక ఫ్రీజర్ సంగతి. బయటికి తీయగానే చల్లని పళ్లెం మీద తేమ పడుతుంది, ఆ తడి మీద హెడ్ నడుస్తుంది. దాంతో బాగుపడేదేమీ ఉండదు.

చేయాల్సింది ఇది. మొదటి జవాబులో చెప్పినట్టు కేబుల్, ఎస్‌ఎంపీఎస్ నమ్మకమైనవి వేయండి. కరెంటు చాలకపోయినా ఇదే టక్కు శబ్దం వస్తుంది కాబట్టి ఒక్కోసారి అక్కడితోనే సమస్య తీరిపోతుంది. తీరకపోతే, అంతే సైజుదో పెద్దదో అయిన ఇంకో మంచి డిస్కు సంపాదించండి. కంప్యూటర్‌ను సీడీ నుంచో పెన్‌డ్రైవ్ నుంచో నడిచే లినక్స్‌తో బూట్ చేయండి. విండోస్‌తో వద్దు. అది కనబడ్డ ప్రతి డిస్కు మీదా ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. లినక్స్‌లో కూడా పాత డిస్కును తెరిచి ఫోల్డర్లు చూడకండి, మౌంట్ (ఫైళ్లు కనబడేలా డిస్కును జతచేయడం) చేయనే వద్దు.

కాపీకి డీడీరెస్క్యూ (ddrescue) అనే లినక్స్ ప్రోగ్రామ్ వాడండి. మామూలు కాపీ ఒక చెడ్డ సెక్టార్ (డిస్కులో డేటా రాసే చిన్న గడి) దగ్గర పట్టుబట్టి కూర్చుంటుంది. డీడీరెస్క్యూ అలా కాదు, సులువుగా వచ్చేదంతా ముందు తెచ్చుకుని, కష్టమైన చోట్లను దాటేసి, వాటి దగ్గరికి చివర్లో వస్తుంది. దానికి మూడు పేర్లు ఇవ్వాలి: ముందు పాత డిస్కు, తర్వాత కొత్త డిస్కు, ఆఖరున మ్యాప్ ఫైల్. మ్యాప్ ఫైల్ తప్పనిసరి, దాన్ని పెన్‌డ్రైవ్ మీద పెట్టండి. ఎంతవరకు వచ్చిందో అందులో రాసుకుంటుంది. మధ్యలో డిస్కు ఆగిపోయినా, కరెంటు పోయినా, మళ్లీ అదే ఆదేశం ఇస్తే వదిలిన చోటు నుంచి సాగుతుంది. మొదటి విడతలో చిన్న ‘ఎన్’ ఆప్షన్ (-n) పెడితే చెడిన భాగాలను గీకే దశ జోలికి పోదు. అది పూర్తయ్యాక, రెండో విడతలో ఆ ఆప్షన్ తీసేసి, చిన్న ‘ఆర్’ పక్కన 3 (-r3) పెట్టి మూడుసార్లు ప్రయత్నించమనండి. పాతది, కొత్తది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది. లినక్స్ ఇచ్చే డిస్కు పేర్లు బూట్ చేసినప్పుడల్లా మారొచ్చు. అందుకే పేరు చూసి కాకుండా సీరియల్ నంబర్ చూసి పోల్చుకోండి, ఎంటర్ నొక్కేముందు ఇంకోసారి చదవండి.

కాపీ అయ్యాక పాత డిస్కు తీసి పక్కన పెట్టేయండి. మరమ్మతులన్నీ, కావాలంటే చెక్‌డిస్క్ కూడా, కాపీ మీదే చేయాలి. వీలైతే కాపీకి ఇంకో కాపీ తీసుకుని దాని మీద.

డిస్కు అసలు తిరగకపోతే, లేదా సన్నగా మూలుగుతూ ఉండిపోతే ఈ పద్ధతి పనిచేయదు. అదే మోడల్ డిస్కు నుంచి సర్క్యూట్ బోర్డు తీసి వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మరీ పాతవాటిలో సరిపోయేది. తర్వాతి డిస్కుల బోర్డులో ఒక చిన్న చిప్ ఉంటుంది. ఆ ఒక్క డిస్కు హెడ్లకు ఫ్యాక్టరీలో సరిచేసిన కొలతలు అందులో ఉంటాయి. దాన్ని కూడా మార్చి అతికిస్తే తప్ప కొత్త బోర్డు ఆ పళ్లేలను చదవలేదు. డిస్కు మూత మాత్రం ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. అంత విలువైన డేటా అయితే డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఇప్పటిదాకా ఏమేం చేశారో దాచకుండా చెప్పండి.

ప్రశ్న: డిస్కు పరీక్షల్లో అంతా బాగుందనే వస్తోంది. కానీ విండోస్ ఎక్స్‌పీ ఒకప్పుడు చక్కగా నడిచేది, ఇప్పుడు ఫైల్ కాపీ చేస్తే మౌస్ కూడా కదలదు.

డిస్కు పీఐఓ పద్ధతిలోకి పడిపోయి ఉంటుంది. డీఎంఏలో అయితే డిస్కు నుంచి మెమరీకి డేటా దానంతటదే వెళ్తుంది. పీఐఓలో ప్రతి ముక్కనూ ప్రాసెసర్ స్వయంగా మోయాలి. మౌస్ కదలకపోవడం అందుకే. ఒక డిస్కు దగ్గర మొత్తం మీద ఆరుసార్లు టైమౌట్లో (సమయానికి జవాబు రాకపోవడం), సీఆర్‌సీ తప్పులో (దారిలో డేటా చెడటం) వస్తే ఎక్స్‌పీ వేగాన్ని మెట్టుమెట్టుగా దించుతూ చివరికి పీఐఓకు తెస్తుంది. తర్వాత కేబుల్ బాగుచేసినా దానంతటది పైకి ఎక్కదు.

డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్ల కింద ప్రైమరీ ఐడీఈ చానల్ ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘ప్రస్తుత మోడ్’ ఏముందో చూడండి. పీఐఓ అని ఉంటే ముందు కేబుల్ మార్చండి, తర్వాత ఆ చానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి లెక్క మొదటి నుంచి మొదలుపెడుతుంది. కేబుల్ మార్చకుండా ఇదొక్కటే చేస్తే కొన్నాళ్లకు మళ్లీ అక్కడికే వస్తారు. అల్ట్రా డీఎంఏ 5 అని ఉండాల్సిన చోట 2 అని ఉంటే, 40 తీగల కేబుల్ వాడుతున్నారేమో చూసుకోండి. ఆ కేబుల్‌తో సెకనుకు 33 మెగాబైట్లు దాటదు, 80 తీగలదైతే 100 దాకా వెళ్తుంది.

ప్రశ్న: ఫ్లాపీ డ్రైవ్ లైటు ఆన్ చేసినప్పటి నుంచి ఆరడం లేదు. ఏ ఫ్లాపీ పెట్టినా చదవడం లేదు.

కేబుల్ ఒకవైపు తిరగబడింది. ముందు ఫ్లాపీ బయటికి తీయండి, పాడైనా పరవాలేదనుకున్నది తప్ప ఇంకేదీ లోపల పెట్టకండి. కారణం చెబితే ఎందుకంత తొందరో అర్థమవుతుంది. 34 పిన్నుల ఫ్లాపీ కేబుల్‌లో బేసి సంఖ్య పిన్నులన్నీ గ్రౌండ్, సరిసంఖ్యవి సంకేతాలు. తిరగేసి పెడితే డ్రైవ్‌కు వెళ్లే సంకేతాలన్నీ ఒక్కసారే గ్రౌండ్‌కు కలుస్తాయి. ఈ డ్రైవ్‌లకు గ్రౌండ్ అంటే ‘పని మొదలుపెట్టు’ అని అర్థం. అందుకే లైటు వెలుగుతుంది, మోటారు తిరుగుతుంది. ‘డేటా రాయి’ అనే సంకేతం కూడా వాటిలో ఒకటి. మంచి ఫ్లాపీ పెడితే హెడ్ ఉన్న చోట డేటా చెరిగిపోవచ్చు.

కేబుల్ అంచున ఎర్ర గీత ఉన్న తీగ ఒకటో నంబర్ పిన్నుకు రావాలి, డ్రైవ్ దగ్గరా మదర్‌బోర్డు దగ్గరా కూడా. కేబుల్‌లో 10 నుంచి 16 వరకు తీగలు మెలిపడి ఉన్న చోటు దాటాక వచ్చే చివరి కనెక్టర్‌కు తగిలిస్తే అది ‘ఏ’ డ్రైవ్, మధ్యదానికి తగిలిస్తే ‘బీ’.

ఫ్లాపీ మార్చినా పాత ఫ్లాపీలోని ఫైళ్ల పేర్లే కనిపిస్తున్నాయని ఇంకో పాఠకురాలు రాశారు. అది నవ్వి వదిలేసే విషయం కాదు. ఫ్లాపీ మారిందని చెప్పే సంకేతం 34వ పిన్ను మీద వస్తుంది. ఆ తీగ తెగినా, డ్రైవ్‌లోని చిన్న స్విచ్ దుమ్ము పట్టినా కంప్యూటర్‌కు ఆ కబురు అందదు. ఆ స్థితిలో కొత్త ఫ్లాపీ మీద ఏదైనా రాస్తే, పాత ఫ్లాపీ పట్టిక తెచ్చి దీని మీద రాసేస్తుంది, ఉన్న ఫైళ్లు పోతాయి. కేబుల్ మార్చేదాకా, స్విచ్ శుభ్రం చేసేదాకా ఆ డ్రైవ్‌లో పెట్టే ప్రతి ఫ్లాపీకీ రైట్ ప్రొటెక్ట్ రంధ్రం తెరిచే ఉంచండి, అప్పుడు దాని మీద రాయడం కుదరదు.

హెడ్ శుభ్రం చేయడానికి గాఢమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ సరిపోతాయి. పై హెడ్ పల్చని స్ప్రింగు మీద ఉంటుంది, దాన్ని పైకెత్తితే వంగిపోయి మళ్లీ సరిగా కూర్చోదు. షట్టర్ జరిపి చూసినప్పుడు ఫ్లాపీ మీద తెల్లటి బూజు మచ్చలు కనిపిస్తే దాన్ని డ్రైవ్‌లో పెట్టొద్దు. ఆ బూజు హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని గీకేస్తుంది. ఒక డ్రైవ్‌లో రాసినవి అందులో మాత్రమే చదువుతూ ఇంకెక్కడా చదవకపోతే ఆ డ్రైవ్ హెడ్ పక్కకు జరిగిందన్నమాట. దాన్ని పారేయడానికి ముందే ఆ ఫ్లాపీలన్నీ దానితోనే కాపీ చేసుకోండి.

ప్రశ్న: 250 జీబీ డిస్కు వేస్తే 128 జీబీయే చూపిస్తోంది. మిగతా సగం పాడైందా?

పాడవలేదు, కంప్యూటర్‌కు అంతవరకే లెక్క వచ్చు. పాత పద్ధతిలో సెక్టార్ నంబర్‌కు 28 బిట్లే ఉండేవి. సెక్టార్‌కు 512 బైట్ల చొప్పున అది 137 జీబీ దగ్గర ఆగుతుంది. విండోస్ లెక్కలో అదే 128. బయోస్‌కు (ఆన్ చేయగానే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్), విండోస్‌కు రెండింటికీ 48 బిట్ల లెక్క తెలియాలి. ఎక్స్‌పీకి అది సర్వీస్ ప్యాక్ 1తో వచ్చింది. ఈ హద్దును తేలిగ్గా తీసుకోవద్దు. విభజన (పార్టిషన్) హద్దు దాటి ఉండి, నడిపే విండోస్‌కు ఆ లెక్క రాకపోతే, 137 దాటి రాయబోయింది చుట్టు తిరిగి డిస్కు మొదట్లో పడుతుంది. అక్కడ ఉండేది మీ ఫైల్ సిస్టమ్. బయోస్ అప్‌డేట్ దొరక్కపోతే సొంత బయోస్ ఉన్న పీసీఐ కంట్రోలర్ కార్డు వేయండి, లేదా ఆ హద్దు లోపల ఒక్క విభజన చేసుకుని మిగతాది వదిలేయండి.

ఇంకా పాత బోర్డులకు 528 ఎంబీ, 8.4 జీబీ, సుమారు 33 జీబీ దగ్గర కూడా ఇలాంటి గోడలున్నాయి. మూడోదాంట్లో కంప్యూటర్ ఆన్ చేయగానే డిస్కును వెతికే చోటే బిగుసుకుపోతుంది. కొన్ని డిస్కుల మీద సైజును ఆ హద్దు లోపలికి తగ్గించి చూపే జంపర్ ఉంటుంది, లేబుల్ చూడండి.

ప్రశ్న: స్విచ్ ఆపేసిన ప్రతిసారీ కంప్యూటర్ డిస్కును మరిచిపోతోంది. తేదీ కూడా తప్పు.

మదర్‌బోర్డు మీది 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, మార్చండి. డిస్కును తనంతట గుర్తించలేని బోర్డు అయితే లేబుల్ మీది సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల సంఖ్యలు బయోస్‌లో ఎక్కించాలి. వేరే సంఖ్యలతో ఫార్మాట్ చేసిన డిస్కు అయితే ఆ పాత సంఖ్యలే కావాలి. అందుకే ఇప్పుడున్నవి కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల అతికించండి. మరీ పాత బోర్డుల మీద టంకం వేసిన పీపా ఆకారపు బ్యాటరీ ఉంటుంది. అది పనిచేస్తున్నా సరే కత్తిరించి తీసేయండి. అందులోంచి కారే క్షారం పక్కనున్న రాగి గీతలను తినేస్తుంది. ఇప్పటికే పచ్చగా పట్టి ఉంటే కొంచెం వెనిగర్‌తో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి.

ప్రశ్న: డ్రైవ్ సీడీలు చదువుతుంది, డీవీడీలు చదవదు. ట్రే కూడా సగంలో ఆగుతోంది.

సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650ది, రెండూ వేర్వేరు. ఒకటి వృద్ధాప్యంలో నీరసించినా రెండోది పనిచేస్తూ ఉండొచ్చు. లెన్సును ఆల్కహాల్ తడిపిన దూదితో బరువు వేయకుండా ఒకసారి తుడిచి చూడండి. మారకపోతే డ్రైవ్ మార్చడమే. లేజర్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పితే బాగవుతుందని చెప్పేవాళ్ల మాట వినొద్దు, మిగిలిన ఆయుష్షు కూడా పోతుంది. ట్రే ఆగడానికి సాగిపోయిన రబ్బరు బెల్టు కారణం. అదే కొలత బెల్టు వేస్తే సరి. లోపల డిస్క్ ఇరుక్కుంటే కరెంటు ఆపి, ముందున్న చిన్న రంధ్రంలో నిటారుగా చేసిన పేపర్ క్లిప్ గుచ్చితే ట్రే బయటికొస్తుంది. మధ్య రంధ్రం దగ్గర పగులున్న డిస్క్ మాత్రం పెట్టకండి. 52 ఎక్స్ డ్రైవ్ దాన్ని నిమిషానికి 10,000 చుట్ల దాకా తిప్పుతుంది, ముక్కలైపోవచ్చు.

ప్రశ్న: డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో ముప్ఫై వరసలున్నాయి. సెకండ్‌హ్యాండ్ డిస్కు తీసుకునేముందు ఏవి చూడాలి?

నాలుగైదు చాలు, అవీ రా వాల్యూ (అసలు లెక్క) గడిలోవి. 5వ నంబర్ డిస్కు ఇప్పటికే పక్కన పెట్టేసి బదులు వాడుకున్న సెక్టార్లది. 197 చదవలేక తేల్చుకోలేకపోతున్నవి, 198 ఎంతకీ చదవలేకపోయినవి. మూడూ సున్నా ఉండాలి. 5లో ఒకటి రెండు ఉండి నెలల తరబడి కదలకపోతే డిస్కును చిన్న పనులకు వాడుకోవచ్చు. వారంలో పెరిగితే వద్దు. 197లో కొన్ని ఉండి డేటా అక్కర్లేకపోతే డిస్కు మొత్తం మీద సున్నాలు రాయించండి. ఆ సెక్టార్లు అయితే బాగుపడి లెక్కలోంచి పోతాయి, లేదంటే 5లోకి చేరతాయి. ఏదో ఒకటి తేలుతుంది.

199 సీఆర్‌సీ తప్పులు, అంటే కేబుల్ మీద నేరం. ఇది తగ్గే సంఖ్య కాదు, పాత యజమాని కేబుల్ తప్పులు కూడా ఇందులోనే ఉంటాయి. రాసిపెట్టుకుని, మీ కేబుల్‌తో కొన్నాళ్లు వాడాక పెరిగిందేమో చూడండి. 9వ నంబర్ నడిచిన గంటలు. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి ‘పెద్దగా వాడలేదు’ అన్న డిస్కులో 40,000 కనిపిస్తే అది నాలుగున్నరేళ్లు ఆగకుండా నడిచిందన్నమాట. కొన్ని పాత డిస్కులు గంటలకు బదులు నిమిషాలు లెక్కపెడతాయి. సంఖ్య నమ్మశక్యం కానంత పెద్దదైతే 60తో భాగించి చూడండి. 1వ నంబర్‌లో కొన్ని కంపెనీల డిస్కులు కొత్తవైనా కోట్లలో చూపిస్తాయి, దానికి కంగారు పడనక్కర్లేదు. యూఎస్‌బీ అడాప్టర్ మీద రిపోర్టే రాకపోతే డిస్కును నిందించకండి. చాలా పాత అడాప్టర్లు ఆ ప్రశ్నను డిస్కు దాకా చేర్చవు. నేరుగా మదర్‌బోర్డుకు తగిలించి అడగండి.